చెయ్యెత్తే పిల్లల గ్రౌండు

బోరబండ వసంత మేడమ్‌ను మీ గురించి చెప్పండి అని అడిగితే పిల్లల గురించి చెబుతారు. "నా సంగతి ఏమున్నది గని, మొన్న దివ్య డైవ్ కొట్టింది సూసినవా? పాము లెక్క పోయింది!" అని మాట మళ్ళిస్తారు. అందుకని ఆమె కథను కొంత ఆమె నోటి నుంచి, చాలావరకు ఆమె పిల్లల నోటి నుంచి ఏరుకోవలసి వచ్చింది.

పుట్టి పెరిగింది బోరబండలోనే. నాన్న సనత్‌నగర్ ఫ్యాక్టరీలో ఫిట్టర్. బడిలో ఖో-ఖో మొదలుపెట్టి యూనివర్సిటీ జట్టుదాకా ఆడారు. ఆట వయసు అయిపోయాక చందానగర్‌లో ఒక ప్రైవేటు బడిలో పీఈటీగా, అంటే ఆటల టీచరుగా, చేరారు. ఇప్పటికీ అక్కడే. కానీ ఆమె అసలు కొలువు అంతకు ముందే, తెల్లవారగానే మొదలవుతుంది. బోరబండ స్టేషన్‌కు దగ్గరలో ఒక ఖాళీ జాగా ఉంది. చుట్టుపక్కల బస్తీల ఆడపిల్లలు అక్కడికి వస్తారు. ఆమె ఖో-ఖో నేర్పిస్తారు. తరవాత ఎంఎంటీఎస్ రైలెక్కి బడికి వెళతారు. రైలు కూత వినిపిస్తే ఆట ఆగినట్టే.

ఆ రైలు తొందరలోంచే ఆమె గ్రౌండు పద్ధతి పుట్టింది.

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఖో-ఖోలో ఎనిమిదిమంది ఒకే వరుసలో, ఒకరు ఇటు ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల అవతలి జట్టువాళ్ళను తరుముతుంది. దారి దొరక్కపోతే కూర్చున్న ఒకరి వీపు తట్టి "ఖో" అంటుంది. ఆమె లేచి తరుముతుంది, ఈమె ఆ చోట కూర్చుంటుంది. తరిమే పిల్ల ఒక దిక్కుకు కదిలాక వరుస చివర ఉన్న స్తంభం దాటేదాకా వెనక్కి తిరగరాదు. భుజం మళ్ళినా ఫౌలే. ఫౌల్ చేసి ముట్టుకుంటే ఆ ఔటు చెల్లదు.

"భుజం తిరిగింది", "తిరగలే", "లైన్ తొక్కినవ్", "తొక్కలే". మొదట్లో సగం పొద్దు ఈ పంచాయితీలకే సరిపోయేదట. ఒకరోజు జుట్లు పట్టుకునేదాకా పోయింది. రైలూ పోయింది. బడిలో హెడ్మాస్టరుతో చీవాట్లు తిన్నారు.

మర్నాడు పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పారు. "ఇగ నుంచి నేను సూడ, నేను చెప్ప. ఎవరు ఫౌల్ చేస్తె వాళ్లే చెయ్యెత్తాలె. ఎత్తి, 'నేనే' అని చెప్పి, మళ్ల ఆట. ఏడుసుడు లేదు, వాదించుడు లేదు. నాకు రైలు దొరకాలె, గంతే."

నీతి నేర్పుదామని పెట్టిన పద్ధతి కాదు, లొల్లి తగ్గాలని పెట్టింది. ఆ మాట ఆమే నవ్వుతూ చెబుతారు. కానీ అది గ్రౌండు దాటి పోయింది. ఇంట్లో పాలు పొంగితే పిల్లలు చెయ్యెత్తడం మొదలుపెట్టారు. ఒక పిల్ల అయితే బడిలో క్లాసంతా చేసిన అల్లరికి తానొక్కతే చెయ్యెత్తి బెంచీ ఎక్కి నిలబడింది. ఏడుస్తూ వచ్చి మేడమ్‌కు చెప్పుకుంది. "అందరు చేసిన్రు మేడమ్, నేనొక్కదాన్నే దొరికిన." మేడమ్ ఆమె జడ సవరిస్తూ, "దొరకలే బిడ్డా, నువ్వు చెప్పినవ్. రెండిటికి శానా ఫరక్ ఉంటది" అన్నారట.

ఆ పిల్ల పేరు శ్రావణి. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తోంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళ క్లయింటు వెబ్‌సైటు ఒక పూటంతా ఆగిపోయిందట. మీటింగులో ఎవరి వల్ల జరిగిందని మేనేజరు అడిగితే అందరూ ల్యాప్‌టాపుల్లోకి తలలు దించుకున్నారు. శ్రావణి చెయ్యెత్తింది. "మాటతో చెప్తే అయిపోయేది కదా అక్కా! చెయ్యి దానంతటదే లేచింది. మేనేజర్ నవ్వాపుకోలేక, ఏంటమ్మా, బాత్రూంకి వెళ్తావా అన్నాడు" అని చెప్పి పడీపడీ నవ్వింది. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది కాబట్టి సైటు సాయంత్రానికల్లా నిలబడిందని మాత్రం నవ్వకుండా చెప్పింది.

ఇక నీహారిక సంగతి.

నీహారిక ఈ గ్రౌండులో తయారైన పిల్లలందరిలోకి గొప్ప ఛేజర్. నాన్న ఓదెలు ఆటో నడుపుతాడు. రాష్ట్ర జట్టు ఎంపికకు తయారవుతుండగా స్తంభం దగ్గర మలుపులో మోకాలు మెలితిరిగింది. ఆపరేషన్ అయింది. నడవవచ్చు, మెల్లగా పరుగెత్తవచ్చు, మలుపులూ డైవులూ మాత్రం ఇక వద్దన్నారు డాక్టర్లు. పిల్ల గది తలుపు వేసుకుంది. ఇంటర్ కాలేజీకి కూడా పోవడం మానేసింది. కప్పులూ మెడళ్ళూ అట్టపెట్టెలో వేసి మంచం కిందికి తోసింది.

వసంత మేడమ్ వాళ్ళింటికి వెళ్ళారు. గుమ్మంలోనే ఓదెలు అడ్డం నిలబడ్డాడు.

"మేడమ్, మీకు దండం. నా బిడ్డను ఇగ గ్రౌండ్‌కు తోలను. ఆటతోనే కాలు పాయె."

"ఆడనీకి కాదన్నా. కూసోనీకి రమ్మంటున్న."

"కూసోనీకి ఆడిదాంక ఎందుకు? మా ఇంట్ల సోఫా లేదా?"

"సోఫా మీద కూసుంటె ఎవ్వరు వచ్చి ఖో ఇయ్యరన్నా."

ఓదెలు గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. కుర్చీ చూపించాడు. చాయ్ తెప్పించాడు. చాయ్ తాగుతూ అసలు బాధ బయటపెట్టాడు. "మీ గ్రౌండ్‌కు వచ్చి ఇది ఖరాబైంది మేడమ్. మొన్నొకసారి సిగ్నల్ కాడ పోలీసాయన ఆపిండు. సార్, పచ్చ లైటే ఉండె అని నేను ఆయన్ని సముదాయిస్తున్న. ఇది ఎనక సీట్ల కెల్లి చెయ్యెత్తి, నాన్నా, ఎర్ర లైటే ఉండె అంటది! ఆ పోలీసాయన నవ్వి నవ్వి సచ్చిండు. చలాన్ మాత్రం రాసిండు."

లోపలి గదిలోంచి నవ్వు వినిపించింది. ఆపరేషన్ తరవాత ఆ ఇంట్లో నీహారిక నవ్వడం అదే మొదటిసారి అని ఓదెలు ఇప్పటికీ చెబుతాడు. మర్నాడు తానే ఆటోలో తీసుకొచ్చి గ్రౌండు దగ్గర దింపాడు.

మేడమ్ ఆమె మెడలో విజిల్ వేశారు. "ఇన్నొద్దులు కాళ్లతోటి ఆడినవ్. ఇగ కండ్లతోటి ఆడు."

ఆ విజిల్‌తో గ్రౌండంతా గోల. నీహారిక ప్రతిదానికీ ఊదేది. భుజం మళ్ళకముందే, మళ్ళుతుందేమో అని ఊదేది. పిల్లలు ఆమెకు ప్రెషర్ కుక్కర్ అని పేరు పెట్టారు. ఆమె ఆటో దిగుతుంటేనే "కుక్కరొచ్చింది, కూసోండి!" అని అరిచేవాళ్ళు. మేడమ్ పక్కనే నిలబడి ఒకటే మాట చెప్పేవారు. "అయ్యేటిది సూసి ఊదకు. అయింది సూసి ఊదు." నెమ్మదిగా విజిల్ తగ్గింది, చూపు పెరిగింది. కాలేజీకీ పోసాగింది. నియమాల పుస్తకం కంఠతా పట్టింది. జిల్లా అంపైర్ల ప్యానెల్‌లో చేరాలని, తరవాత వ్యాయామ ఉపాధ్యాయ కోర్సు చేయాలని తానే చెప్పింది. ఆడలేని పిల్లకు ఆటలో మిగిలిన దారి అదొక్కటే. ఆ దారి కోసం ఆమె ఎంత ఆశపడుతోందో గ్రౌండులో అందరికీ తెలుసు.

ప్యానెల్‌లోకి తీసుకునే ముందు ఒక టోర్నమెంటులో పరీక్షిస్తారు. ఆ ఏడాది హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఆడపిల్లల జట్లకు ఖో-ఖో పోటీలు పెట్టింది. రెండు అద్దాల మేడల నడుమ ఇంకా కట్టడం మొదలుపెట్టని ఎర్రమట్టి జాగా. సున్నంతో గీతలు గీశారు, స్తంభాలు పాతారు. రెఫరీ భీమేశ్వరరావు గారు. కాకినాడ నుంచి వచ్చి చాలా ఏళ్ళ క్రితమే లింగంపల్లిలో స్థిరపడ్డ రిటైర్డ్ పీడీ, ఆటల మాస్టారు. నీహారికను ప్యానెల్‌లోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆయన చెప్పాలి.

పొద్దుట్నుంచి నీహారిక బాగానే చేసింది. ఫైనల్‌కు బోరబండ, లింగంపల్లి జట్లు వచ్చాయి. సొంత జట్టు కాబట్టి ఆమె పక్కకు తప్పుకుంది. తీరా ఆట మొదలయ్యే వేళకు అంపైర్లలో ఒకాయన ఎండదెబ్బ తగిలి కూలబడ్డాడు. వేరే ఎవరూ లేరు.

"మన అమ్మాయిని పెడదామాండీ?" అన్నారు భీమేశ్వరరావు గారు.

"వద్దు సార్" అన్నారు వసంత మేడమ్ వెంటనే. "మా పిల్ల. మంచిగుండదు."

లింగంపల్లి కోచ్ రంగనాథ్ చేతులు కట్టుకుని ఆలోచించాడు. ఆయనది కడప వైపు, మాట సూటిగా ఉంటుంది. "మీ పిల్ల కాబట్టే నేను ఒప్పుకుంటా మేడమ్. వేరే గ్రౌండు పిల్లయితే ఒప్పుకునేవాణ్ణి కాదు. మీ పిల్లోళ్ళు వాళ్ళ ఫౌలు వాళ్ళే చెబుతారు గదా. నాకు నమ్మకముంది, పెట్టండి."

ఆ మాట విన్నప్పుడు తనకు కప్పు గెలిచినట్టే అనిపించిందని మేడమ్ చెప్పారు. నీహారిక మాత్రం విజిల్ పట్టుకుని మెల్లగా గీత దగ్గరికి నడిచింది.

ఆట చివరి ఘట్టానికి వచ్చింది. బోరబండ తరుముతోంది. ఒక్క ఔటు దొరికితే బోరబండ గెలుపు, దొరక్కపోతే లింగంపల్లి గెలుపు. ఐడీ కార్డులు మెడలో వేసుకుని టీ కప్పులతో కిందికి వచ్చిన ఉద్యోగులు గీతల చుట్టూ మూగారు. వాళ్ళలో శ్రావణి ఉంది. ఓదెలు ఆటో తాళంచెవి వేలికి తిప్పుకుంటూ జనం మధ్య నిలబడ్డాడు.

దివ్య ఖో అందుకుని లేచింది. లింగంపల్లి పిల్ల స్తంభం వైపు పరుగు, వెనకాలే దివ్య. స్తంభం దగ్గర ఆ పిల్ల ఒక్కసారిగా నడుము వంచి మెలిక తిరిగింది. దివ్య చెయ్యి చాచింది. చెయ్యి వీపుకు తగిలింది.

అదే క్షణంలో నీహారిక విజిల్ మోగింది. ఫౌల్. దివ్య భుజం వెనక్కి మళ్ళిందని సైగ చేసింది.

లింగంపల్లి పిల్లలు ఎగిరి గంతేశారు. రంగనాథ్ రెండు చేతులూ పైకెత్తాడు. "సొంత జట్టు మీదే ఇచ్చింది, శభాష్!" అని జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. బోరబండ పిల్లలు నోరు తెరుచుకుని ఉండిపోయారు.

దివ్య మాత్రం స్తంభం దగ్గర అలాగే నిలబడి ఉంది. చెయ్యి ఎత్తలేదు.

నీహారిక ఆ చేతిని చూసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గ్రౌండులో దివ్య ప్రతి ఫౌల్‌కూ చెయ్యెత్తడం చూసిన పిల్ల ఆమె. ఆ చెయ్యి కిందనే ఉంది.

తరవాత ఆమె నాకు చెప్పింది ఇది. "దివ్య చెయ్యెత్తలేదని నేను మార్చలే. అంపైర్ అట్ల మార్చొద్దు. కాని ఆ చెయ్యి సూసి మళ్ల ఆలోచించిన. నేను ఏం సూసిన? నిజంగ సూస్తె, ఆమె భుజం తిరగనే లే, తిరుగుతదేమో అని నా నోట్ల విజిల్ మోగింది. మా జట్టు పిల్ల గదా, వదిలేస్తె అందరు ఏమంటరో అని భయపడ్డ. ఆ భయంతోటి ఊదిన. మా జట్టు కాకపోతె ఊదేదాన్ని కాదు."

ఆట మళ్ళీ మొదలయ్యేలోపు అంపైరు రెఫరీకి చెప్పి తన నిర్ణయం మార్చుకోవచ్చు. కానీ ఇప్పుడు మారిస్తే గెలుపు తన జట్టుకే పోతుంది. మార్చకుండా ఉంటే నిజాయితీగల అంపైర్ అన్న చప్పట్లు తనకు. ప్యానెల్‌లో చోటు కూడా ఖాయమే. పక్కనే భీమేశ్వరరావు గారు చూస్తున్నారు.

నీహారిక చెయ్యెత్తింది.

"సార్, తప్పు నాది. భుజం తిరగలే, తిరుగుతదేమో అని ఊదిన. అది ఔటే."

భీమేశ్వరరావు గారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "ఏమంటున్నావో తెలుస్తోందా అమ్మా? మీ జట్టుకే ఇస్తున్నావు. జనం ఊరుకోరు."

"తెలుసు సార్."

"నిన్ను నేనివాళ పరీక్షిస్తున్నాను. అదీ తెలుసుగా?"

"తెలుసు సార్. కాని అది ఔటు."

ఆయన రెండో అంపైరును పిలిచి అడిగారు. తనున్న చోటు నుంచి భుజం కనబడలేదన్నాడతను. అంటే మాట నీహారికదే. ఆయన ఔటు ప్రకటించారు.

ఒక్కసారిగా గోల లేచింది. చప్పట్లు కొట్టినవాళ్ళే ఈలలు వేశారు. "ఏంది ఈ డ్రామా!" "సొంత టీమ్‌కి ఇచ్చుకుంటోంది చూడు!" శ్రావణి పక్కనున్న సహోద్యోగి, "జట్టుతోపాటు అంపైర్‌ని కూడా మీరే తెచ్చుకున్నారా?" అని దెప్పాడు. ఓదెలు పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకడు అంపైరును తిట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, జర మాట మంచిగ రానీ. గామె నా బిడ్డ" అన్నాడు ఓదెలు.

"అట్లనా! మరి నీ బిడ్డ ఆల్ల టీమ్‌కే ఇచ్చుకోవట్టె కదా!"

"నా బిడ్డకు అబద్ధమాడుడు రాదన్నా. మా ఇంట్ల పెద్ద పరేషానే గది" అన్నాడు ఓదెలు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన తాళంచెవి తిప్పడం ఆగిపోయిందని శ్రావణి చెప్పింది.

రంగనాథ్ గీత దాటి వసంత మేడమ్ ముందుకు వచ్చాడు. "ఏమి మేడమ్ ఇది? నమ్మి ఒప్పుకుంటే ఇట్ల జేస్తారా?"

మేడమ్ చూపు తన పిల్లల మీద ఉంది. గెలిచామని తెలిసి వాళ్ళు ఎగరబోతున్నారు. "కూసోండి!" అన్నారు. "ఒక్కరు ఎగిరినా రేపు గ్రౌండ్‌కు రావద్దు." పిల్లలు ఉన్నచోటనే, ఆటలో కూర్చున్నట్టే, ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి కూర్చున్నారు. కప్పు ఇస్తున్నప్పుడు కూడా కేకల్లేవు. దివ్య వెళ్ళి తీసుకుని, లింగంపల్లి పిల్లల దగ్గరికి పోయి ఒక్కొక్కరికీ చెయ్యి కలిపింది. రంగనాథ్ మాత్రం తన పిల్లలను వ్యానెక్కించుకుని వెళ్ళిపోయాడు.

నీహారిక భీమేశ్వరరావు గారి బల్ల దగ్గర నిలబడింది. వసంత మేడమ్ కాస్త దూరంలో, విననట్టు నిలబడి అంతా విన్నారు.

"విజిల్ తొందరపడి ఊదావమ్మా. అంపైర్‌కి అది పెద్ద తప్పు" అన్నారాయన.

"అవును సార్. మా గ్రౌండ్‌ల నన్ను కుక్కర్ అంటరు."

ఆయన ఫక్కున నవ్వారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తొందర అన్నది అనుభవం మీద తగ్గుతుందండీ. నాకూ ఉండేది. కానీ ఇన్నేళ్ళలో, ఇంతమంది ఈలలు వేస్తుంటే నా దగ్గరకొచ్చి తప్పు నాదన్న అంపైర్‌ని నేను చూడలేదు. నేనూ ఎప్పుడూ అనలేదు, నిజం చెప్పాలంటే. వచ్చే నెల జిల్లా పోటీలున్నాయి. రామ్మా."

అప్పటిదాకా అమ్మా అన్న పిల్లను తోటి అంపైరులా అండీ అని, ఆ వెంటనే మళ్ళీ అమ్మా అనడం విని మేడమ్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయట. ఆయన అలా తడబడటం ఎవరూ ఎరగరు.

జిల్లా పోటీలు అయ్యాక ఒకరోజు రైల్లో ఉండగా మేడమ్‌కు ఫోను వచ్చింది. రంగనాథ్.

"మేడమ్, ఆ పొద్దు నేను కోపంలో ఉంటి. మా పిల్లను అడిగితిని, ఆ ఔటైన పాపను. మలుపులో వెనక్కి చూసిందంట. దివ్య భుజం తిరగలేదు సార్ అనింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే అని అడిగితే, మాకట్ల నేర్పలేదు కదా సార్ అనింది. ఏం జెప్తాను మేడమ్ నేను?" తరవాత అసలు సంగతికి వచ్చాడు. "మా బడిలో పోటీలు పెడతా ఉన్నాం. మీ నీహారికను అంపైరుగా పంపిస్తారా? ఫైనలు మాదే అయినా సరే, ఆమెనే పెడతా."

"నన్నెందుకు అడుగుతరు సార్? ఆమెకే ఫోన్ చెయ్యండి. ఇప్పుడు ఆమె నా పిల్ల కాదు, అంపైర్" అన్నారు మేడమ్. ఆ మాట ఎంత గట్టిగా అన్నారంటే పెట్టెలోవాళ్ళంతా తిరిగి చూశారట. దిగవలసిన చందానగర్ దాటిపోయి లింగంపల్లిలో దిగారు. ఆ రోజు హెడ్మాస్టరు ముందు చెయ్యెత్తి, "ఆలస్యం నాదే సార్" అని చెప్పేసి నవ్వుకుంటూ గ్రౌండులోకి పోయారు.

నేను వాళ్ళ ఆట చూడడానికి వెళ్ళిన రోజు కొత్తగా చేరిన చిన్న పిల్లలకు వసంత మేడమ్ తానే పరుగెత్తి చూపిస్తున్నారు. చీర కొంగు దోపుకుని, బూట్లు వేసుకుని, "ఇట్ల రావాలె, దిక్కు పట్టినంక ఇగ తిరిగేదే లేదు" అంటూ స్తంభం వైపు ఉరికారు. స్తంభానికి రెండడుగుల ముందే, పిల్లలు చూస్తున్నారా లేదా అని వెనక్కి తిరిగారు.

విజిల్ మోగింది.

"ఫౌల్, మేడమ్" అంది నీహారిక, గీత పక్కనుంచి. మొహంలో నవ్వు లేదు.

పిల్లలు గుడ్లప్పగించి చూస్తున్నారు. వసంత మేడమ్ ఆగిపోయారు. ఆమె చెయ్యి మెల్లగా పైకి లేచింది.

"నేనే" అన్నారు. అంత గర్వంగా ఫౌల్ ఒప్పుకున్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు.